ఒక్క అణువు పట్టు ఎంత?

పిల్లలూ, గాలిపటం చెయ్యటం మీకు కొత్త కాదు. మైదాపిండి ఉడికించి, ఆ జిగురుతో కాగితాలు అంటిస్తారు. మైదా దొరక్కపోతే నాలుగు అన్నం మెతుకులు మెదిపి రాసినా సరిపోతుంది. ఆరిన తరవాత లాగి చూడండి. కాగితం చిరుగుతుందే గాని అతుకు ఊడదు. కాని అదే గాలిపటం దారం తెగి చెరువులో పడిందనుకోండి. మీరు దిగి తీసేలోగా అతుకులన్నీ వాటంతట అవే విడిపోయి, పుల్లలు ఒకచోట, కాగితం ఒకచోట తేలుతూ ఉంటవి.

వెనక వడ్రంగులు సరేసు అనే జిగురు కాచి, దానితో బల్లలూ పెట్టెలూ అతికించేవారు. జంతువుల తోళ్లూ ఎముకలూ ఉడకబెడితే వచ్చే జిగురు అది. ఆ జిగురంతా మాంసకృత్తే. ప్రోటీను అని మీరు బడిలో వినే ఉంటారు. పప్పులో, పాలలో, గుడ్డులో ఉండేదీ, మన కండలనూ చర్మాన్నీ కట్టినదీ అదే. సరేసు మంచి జిగురే. అయితే దానికి కూడా తడి అంటే పడదు.

తడి ఎందుకు పడదు? ఒక వస్తువు మరొక వస్తువుకు అంటుకోవాలంటే రెండింటి అణువులూ ఒకదాన్ని ఒకటి తాకాలి. రాయి మీదా, లోహం మీదా నీరు పడిందంటే, నీటి అణువులు ఆ ముఖం నిండా బారులు తీర్చి కూర్చుంటవి. రైలుబండిలో కిటికీ పక్క చోట్లన్నీ ముందే నిండిపోయినట్టు ఉంటుంది. జిగురు వచ్చేసరికి దానికి కూర్చునే చోటు లేదు. ఆరిన జిగురు మీద నీరు పడినా ఇదే తంతు. నీరు మెల్లగా సందుల్లో దూరి, జిగురును లేవదీసి తాను కూర్చుంటుంది.

అయితే ఈ నీటిని లేవగొట్టి కూర్చునే జిగురు ఒకటి ఉన్నది. దాన్ని చేసేది మనిషి కాదు. మస్సెల్ అనే ఒక ఆల్చిప్ప. విశాఖపట్నం సముద్రపు ఒడ్డున రాళ్ల మీద ఆకుపచ్చని పెంకులతో ఉండేవి ఈ జాతివే. ఐరోపాలోనూ అమెరికాలోనూ చల్లని సముద్రాల ఒడ్డున నీలం రంగువి గుత్తులు గుత్తులుగా ఉంటవి. అలలు వచ్చి ఆ రాళ్లను రోజంతా బాదుతవి. మనం అక్కడ నిలబడితే కాళ్లు నిలవవు. మస్సెల్ మాత్రం కదలదు.

దీని కిటుకు ఏమిటంటే, మస్సెల్ తన పెంకుల సందులోనుంచి నాలుకవంటి ఒక పాదాన్ని చాపి రాతిని తాకుతుంది. ఆ పాదానికి పొడుగునా ఒక గాడి ఉన్నది. అచ్చులో పోత పోసినట్టు ఆ గాడిలో ఒక దారం తయారవుతుంది. దారం కొసన, రాతిని తాకేచోట, చిన్న బిళ్ల ఏర్పడుతుంది. కొద్ది నిమిషాలలో పని పూర్తి అయిపోతుంది. పాదం వెనక్కు పోతుంది, దారమూ బిళ్లా మిగులుతవి. ఇటువంటి దారాలు కొన్ని పదులు వేసుకుని, డేరాకు తాళ్లు కట్టినట్టు మస్సెల్ తనను తాను కట్టేసుకుంటుంది. ఇదంతా నీళ్లలోనే జరుగుతుంది సుమా! రాతిని తుడిచి ఆరబెట్టేవారు ఎవరూ లేరు.

ఆ బిళ్లలో ఏమున్నదో 1981లో హెర్బర్ట్ వెయిట్, మార్విన్ టాంజర్ అనే ఇద్దరు అమెరికను శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. అదీ మాంసకృత్తే. మాంసకృత్తు అణువు పూసల దండవంటిది. పూసలలో 20 రకాలు. ఏ పూస తరవాత ఏ పూస వస్తుందన్న దాన్నిబట్టి ఒకటి వెంట్రుక అవుతుంది, ఒకటి పాలవిరుగుడు అవుతుంది. మస్సెల్ దండలో మాత్రం మామూలుగా కనిపించని పూస ఒకటి చాలాసార్లు వస్తుంది. దాని పేరు డోపా. ఇది టైరోసిన్ అనే మామూలు పూసకు అన్నదమ్ముడే. టైరోసిన్‌కు ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన కొక్కెం ఒకటి ఉంటుంది. డోపాకు అటువంటి కొక్కేలు రెండు, పక్కపక్కనే ఉంటవి. తేడా అంతే. తరవాతి సంవత్సరాలలో, రాతికి బాగా దగ్గరగా ఉండే ఒక మాంసకృత్తులో ప్రతి నాలుగు పూసలకూ ఒకటికి పైగా డోపాయే ఉన్నదని తెలిసింది.

అయితే రాతిని పట్టుకునే చెయ్యి డోపాయేనా? చాలామంది అలాగే అనుకున్నారు. కాని అనుకోవటం వేరు, తేల్చటం వేరు. బిళ్లలో మరెన్నో మాంసకృత్తులు కూడా ఉన్నవి. మస్సెల్‌ను పట్టి లాగి, ఎంత బలానికి ఊడిందో చూస్తే తెలియదా అంటారేమో. తెలియదు. ఊరివారందరూ కలిసి రథం లాగుతూ ఉంటే, తాడు ఎంత బిగిసిందో చూసి రామయ్య ఒక్కడి బలం ఎంతో చెప్పగలమా? రామయ్య చేత ఒక్కడి చేతనే తాడు లాగించి చూడాలి. అంటే, డోపాను ఒక్కదాన్నే పట్టుకుని, తడి గోడకు అంటించి, లాగి, ఎంత బలానికి ఊడుతుందో కొలవాలన్నమాట. ఒక్క అణువును!

బలం కొలిచే పద్ధతి పాతదే. ఇనపముక్కలవాడి దగ్గర కొక్కెం ఉన్న స్ప్రింగు తక్కెడ చూశారు గదా? ఎంత బరువు తగిలిస్తే స్ప్రింగు అంత సాగుతుంది. రెట్టింపు బరువుకు రెట్టింపు సాగుతుంది. ఈ నియమాన్ని 1678లో రాబర్ట్ హుక్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. సూక్ష్మదర్శినిలో చూసి, జీవులలోని చిన్న చిన్న గదులకు ఇంగ్లీషులో ‘సెల్’ అని పేరు పెట్టినవాడు కూడా ఆయనే. ఆయన స్ప్రింగూ, ఆయన సూక్ష్మదర్శినీ మూడువందల ఏళ్ల తరవాత ఒకే యంత్రంలో కలుసుకున్నవి. ఆ సంగతి చెబుతాను.

1981లో స్విట్జర్లండులోని జూరిచ్ దగ్గర ఐ.బి.ఎం. పరిశోధనశాలలో గెర్డ్ బిన్నిగ్, హైన్‌రిక్ రోరర్ అనేవారు, సన్నని సూదిమొనను ఒక లోహానికి అతి దగ్గరగా నడిపించి, పరమాణువుల ఎత్తుపల్లాలు తెలుసుకునే యంత్రం చేశారు. దానికి విద్యుత్తు కావాలి. కనక విద్యుత్తు ప్రవహించని వస్తువుల దగ్గర అది పనిచెయ్యదు. మాంసకృత్తులు అటువంటివే. ఈ చిక్కు తీర్చటానికి 1986లో బిన్నిగ్, కాల్విన్ క్వేట్, క్రిస్టఫ్ గెర్బర్ కలిసి మరొక యంత్రం తయారు చేశారు. దాన్ని పరమాణుబల సూక్ష్మదర్శిని అనవచ్చు. పాత యంత్రానికి గాను బిన్నిగ్‌కూ రోరర్‌కూ నోబెల్ బహుమానంలో సగం వచ్చింది కూడా ఆ 1986లోనే.

దీన్ని సూక్ష్మదర్శిని అన్నారే గాని, కన్ను పెట్టి చూసే గొట్టం ఇందులో లేదు. చూపు లేనివాడు చేతికర్రతో దారి తడిమినట్టు ఇది వస్తువును తడుముతుంది. చేతికర్ర ఏమిటంటే, సిలికాన్ మొదలైనవాటితో చేసిన ఒక చిన్న రేకు. అది ఈతకొలను మీదికి చాచి ఉన్న దూకుడుబల్లలాగ ఒక కొసన బిగించి ఉంటుంది. పొడవు మిల్లీమీటరులో అయిదో వంతు. మందం మీ తలవెంట్రుకలో నూరోవంతు ఉంటే గొప్ప. రెండో కొసన, కిందివైపుకు, ఒక సూదిమొన ఉంటుంది. ఆ మొనకు ఏదైనా అంటుకుని లాగితే రేకు కిందికి వంగుతుంది. రేకే హుక్ స్ప్రింగు.

మరి అంత చిన్న రేకు ఎంత వంగిందో ఎలా తెలుస్తుంది? ఇది మీకు ముందే తెలిసిన విద్య. అద్దం ముక్కతో ఎండ పట్టి ఎదటి గోడ మీద వెలుగు బిళ్లను ఆడించలేదూ? చేతిలో అద్దం రవ్వంత కదిలితే గోడ మీద బిళ్ల బారెడు దూరం పరిగెత్తుతుంది. ఇక్కడా అంతే. రేకు వీపున లేసరు వెలుగు పడి, వెనక్కు తిరిగి, దూరాన ఉన్న ఒక వెలుగు పసిగట్టే బిళ్ల మీద పడుతుంది. లెక్క చూడండి. రేకు కొస 13 నానోమీటర్లు వంగిందనుకుందాం. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం ఒక నానోమీటరు. అయిదు సెంటీమీటర్ల దూరాన వెలుగు చుక్క సుమారు పది వేల నానోమీటర్లు జరుగుతుంది. 13 కాస్తా పది వేలయింది. ఇక దాన్ని కొలవటం కష్టం కాదు.

ఇంట్లో ఇది చేసి చూడవచ్చు. ఒక పొడుగాటి కొబ్బరి చీపురుపుల్ల తీసుకుని, లావు కొసను బల్ల అంచున బరువైన పుస్తకాల కింద బిగించండి. సన్న కొస బయటికి చాచి ఉండాలి. ఆ కొసకు కొంచెం ఇవతల, రవికెల మీద కుట్టే చిన్న అద్దం బిళ్లను పైవైపున అంటించండి. గది చీకటి చేసి, చిన్న చిల్లు పెట్టిన నల్లకాగితం టార్చిలైటుకు కట్టి, వెలుగు ఆ బిళ్ల మీద ఏటవాలుగా పడేట్టు నిలబెట్టండి. గోడ మీదనో కప్పు మీదనో వెలుగు మచ్చ కనిపిస్తుంది. ఇప్పుడు పుల్ల కొసకు దారంతో ఒక కాగితపు దొన్నె వేళ్లాడదీసి, పదేసి బియ్యపు గింజలు వేస్తూ, మచ్చ ఎక్కడికి జరిగిందో గీతలు గీయండి. ఆ తరవాత దొన్నెలో ఏది వేసినా, అది ఎన్ని గింజల ఎత్తో గోడే చెబుతుంది. టార్చిలైటు బదులు లేసరు బొమ్మలు వాడవద్దు. కంటికి ప్రమాదం.

మీరు గింజలతో గీతలు గీశారు. శాస్త్రజ్ఞులు ఆ చిన్న రేకు మీద ఏ గింజ వెయ్యగలరు? వారొక చమత్కారమైన ఉపాయం పన్నారు. ఎవరూ ముట్టుకోకపోయినా ఆ రేకు ఊరికే వణుకుతూనే ఉంటుంది. ఎందుకంటే చుట్టూ ఉన్న నీటి అణువులు వేడివల్ల నిరంతరం దాన్ని ఢీకొంటూ ఉంటవి. మెత్తని రేకు ఎక్కువ వణుకుతుంది, బిరుసు రేకు తక్కువ వణుకుతుంది. గది ఎంత వేడిగా ఉన్నదో తెలిస్తే, వణుకు ఎంతో చూసి రేకు బిరుసు ఎంతో కట్టవచ్చు. మామూలు మెత్తని రేకు వణుకు ఒక నానోమీటరులో మూడోవంతు ఉంటుంది. నాకు ఈ యంత్రంలో అన్నిటికన్నా నచ్చినది ఇదే. కొలతకు అడ్డం వచ్చే వణుకునే పట్టుకుని వారు కొలబద్ద చేసుకున్నారు!

ఇక బలానికి ఒక కొలత కావాలి. 100 గ్రాముల బెల్లం ముక్కను అరచేతిలో పెట్టుకుంటే, అది చేతిని నొక్కే బలం సుమారు ఒక న్యూటన్. దాన్ని లక్ష కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం పికోన్యూటన్. అణువుల పట్టును లెక్కించటానికి ఈ చిల్లర సరిపోతుంది.

1994లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో హెర్మన్ గౌబ్ బృందంవారు ఈ యంత్రంతో ఒక మాంసకృత్తు పట్టును కొలిచారు. ఆ మాంసకృత్తు కోడిగుడ్డు తెల్లసొనలో ఉంటుంది. పేరు అవిడిన్. బయోటిన్ అనే ఒక విటమిన్ దానికి తగిలితే ఇక వదలదు. పచ్చి తెల్లసొన అదేపనిగా తినేవారికి ఈ విటమిన్ అందకుండా పోయేది ఇందుకే. సొన ఉడికితే అవిడిన్ పాడై ఆ పట్టు పోతుంది. వారు సూదిమొనకు అవిడిన్ పూసి, ఒక మెత్తని పూసకు బయోటిన్ పట్టించి, మొనను తాకించి, లాగారు. అప్పుడు ఎన్ని జంటలు పట్టుకున్నవో కంటికి కనిపించదు గదా, ఒక జంట పట్టు ఎంతో ఎలా తెలిసింది?

మీ అక్కయ్య కొన్ని మూటలు కట్టి ఇచ్చిందనుకోండి. అన్నిటిలోనూ ఒకే రకం గవ్వలు. ఎన్నెన్ని ఉన్నవో మాత్రం చెప్పలేదు. మూటలు విప్పకుండా తూచారు. 16 గ్రాములు, 32, 48, మళ్లీ 32, మళ్లీ 16 వచ్చినవి. మధ్యలో 20 గాని 25 గాని రాలేదు. ఇక చెప్పేదేమున్నది, ఒక్కొక్క గవ్వ 16 గ్రాములు. మ్యూనిక్‌లోనూ ఇలాగే జరిగింది. బలాలు 160 పికోన్యూటన్ల మెట్లుగా వచ్చినవి. కనక ఒక జంట పట్టు సుమారు 160.

ఇప్పుడు మస్సెల్ దగ్గరికి వద్దాం. 2006లో అమెరికాలో హేషిన్ లీ, నార్బర్ట్ షేరర్, ఫిలిప్ మెసర్‌స్మిత్ అనేవారు ఒక్క డోపాను లాగి చూశారు. వారికి రెండు చిక్కులు ఎదురైనవి. మొదటిది, సూదిమొన కూడా అంతో ఇంతో గోడకు అంటుకుంటుంది. ఊడినది మొనో, డోపానో ఎలా తెలియాలి? ఇందుకు వారు డోపాను మొనకు నేరుగా అంటించక, ఒక పొడుగాటి దారపు అణువు కొసన కట్టారు. మొనను పైకి లాగుతూ ఉంటే ముందు మొన ఊడుతుంది. దారం సాగుతుంది, సాగుతుంది, బిగుస్తుంది. అప్పుడు గాని డోపా ఊడదు. కనక గోడనుంచి దూరంగా పోయిన తరవాత కనిపించే తెగింపే డోపాది.

రెండో చిక్కు, మొన మీద డోపాలు నాలుగైదు ఉంటే? అందుకని మొన మీద దాదాపు అన్నీ బోడి దారాలే ఉంచి, డోపా కట్టిన దారాలు బహు కొద్దిగా కలిపారు. చేపలు పల్చగా ఉన్న చెరువులో గాలం వేస్తే చాలాసార్లు వట్టిదే వస్తుంది. పది వేట్లకు ఒకసారి చేప పడే చెరువులో, ఒకే వేటుకు రెండు చేపలు పడటం మరీ అరుదు. లెక్క కడితే, పడిన 100 సార్లలో 95 సార్లు ఒకే చేప అయి ఉంటుంది. ఇటువంటి కొలతలలో మామూలుగా వాడే ఉపాయం ఇదే. వేలసార్లు తాకించి లాగుతారు, చాలాసార్లు ఏమీ దొరకదు. దొరక్కపోవటమే మంచి గుర్తు. ప్రతిసారీ దొరుకుతున్నదంటే పరిశోధకుడు సంతోషించకూడదు, అనుమానించాలి.

గోడగా వారు టైటానియం అనే లోహాన్ని తీసుకున్నారు. విరిగిన ఎముకలకు వేసే మరలూ, పోయిన పళ్లకు బదులు దవడలో నాటే మేకులూ ఈ లోహంతోనే చేస్తారు. దాని మీద ఎప్పుడూ సన్నని ఆక్సైడు పొర ఉంటుంది. అంతా నీళ్లలోనే జరిగింది.

డోపా ఊడటానికి సుమారు 800 పికోన్యూటన్ల బలం కావలసి వచ్చింది. పైగా, ఊడిన డోపాను మళ్లీ తాకిస్తే మళ్లీ అంటుకున్నది. అదే అణువు మళ్లీ మళ్లీ అంటుకుని, మళ్లీ మళ్లీ ఊడింది. డోపాకు బదులు టైరోసిన్‌ను, అంటే ఒకే కొక్కెం ఉన్న అన్నదమ్ముణ్ణి కట్టి చూస్తే పట్టు బాగా తగ్గిపోయింది. పక్కపక్కనే ఉన్న ఆ రెండు కొక్కేలూ పటకారులాగ ఒక లోహపు పరమాణువును అటూ ఇటూ పట్టుకుని, అక్కడ కూర్చున్న నీటి అణువులను లేవగొడుతున్నవన్నమాట. 25 ఏళ్లుగా అనుకుంటున్నది ఆనాటికి కొలతకు దొరికింది.

800 పికోన్యూటన్లంటే ఎంత? ఒక గ్రామును కోటీ ఇరవై లక్షల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని వేళ్లాడదీస్తే ఎంత లాగుతుందో అంత. ఇంతేనా అనకండి. కిలో బరువు మొయ్యటానికి 1,200 కోట్ల డోపాలు చాలు. ఒక్కొక్క దానికి చదరపు నానోమీటరు చోటు ఇస్తే, 1,200 కోట్లూ మిల్లీమీటరులో తొమ్మిదోవంతు భుజం ఉన్న చదరంలో పట్టేస్తవి. గసగసాల గింజ ఇంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది! అయితే ఈ లెక్కను అచ్చంగా నమ్మి గసగసమంత జిగురుతో గంగాళం వేళ్లాడదీయబోకండి. అన్ని అణువులూ ఒక్కసారే సమంగా లాగవు. అంచున ఉన్నవాటి మీద ముందు బరువు పడుతుంది, అవి ఊడగానే పక్కవాటి మీద పడుతుంది. గోడకు అంటించిన కాగితాన్ని ఒక మూలనుంచి లాగితే తేలిగ్గా వచ్చేది ఇందుకే. లెక్కలో వచ్చినది అన్నీ ఒకటిగా లాగితే వచ్చే బలం మాత్రమే.

మరొక సంగతి కూడా చెప్పాలి. అవిడిన్ పట్టు 160, డోపా పట్టు 800 గనక డోపా అయిదు రెట్లు బలమైనదని మీలో ఎవరైనా ఈపాటికే అనుకుని ఉండవచ్చు. అలా అనకూడదు. కొమ్మను పట్టుకుని వేళ్లాడే కుర్రవాణ్ణి ఊహించుకోండి. తోటిపిల్లలు కొమ్మను ఆపకుండా ఊపుతున్నారు. మీరు కింద నిలబడి అతని కాళ్లు మెల్లగా లాగుతూ చాలాసేపు ఆగితే, ఏదో ఒక ఊపుకు అతని పట్టు జారుతుంది. మీరు పెట్టిన బలం తక్కువే. అదే ఒక్క గుంజు గుంజి లాగెయ్యాలంటే చాలా బలం కావాలి. అణువులను వేడి ఇలాగే నిరంతరం ఊపుతూ ఉంటుంది. కనక నిదానంగా లాగితే తక్కువ బలానికీ, వేగంగా లాగితే ఎక్కువ బలానికీ అదే పట్టు ఊడుతుంది. 1997లో ఇవాన్ ఎవన్స్, కెన్ రిచీ అనేవారు దీనికి లెక్క కట్టి చూపారు. ఎంత వేగంగా లాగారో చెప్పకుండా పట్టు ఎంతో చెబితే, అది సగం మాటే. డోపాకు వచ్చిన 800 చాలా వేగంగా లాగినప్పటిది.

డోపా కథలో ఇంకొక మలుపు ఉన్నది. కోసిన వంకాయ గాలికి నల్లబడటం చూశారు గదా? డోపా కూడా అటువంటి మార్పుకే లోనవుతుంది. గాలిలోని ఆక్సిజన్ తగిలి, నీటిలో క్షారగుణం కొంచెం ఎక్కువైతే, దాని రెండు కొక్కేలలోని హైడ్రోజన్లు ఊడిపోతవి. ఇలా పాతబడిన డోపాను టైటానియం మీద లాగి చూస్తే పట్టు సుమారు 180కి పడిపోయింది. రాయిని పట్టటానికి ఇక అది పనికిరాదు. చెడిపోయిందని దాన్ని పారెయ్యవచ్చునా? వారు పారెయ్యలేదు. టైటానియం బదులు, మన శరీరంలోని మాంసకృత్తులలో ఉండే అమైను అనే గుంపులు పరిచిన గోడ మీద దాన్ని పెట్టి లాగారు. ఈసారి ఊడటానికి సుమారు 2,200 పికోన్యూటన్లు కావలసి వచ్చింది! అయితే ఒక్కసారే. తెగిన తరవాత మళ్లీ తాకిస్తే అంటుకోలేదు. అది పటకారు పట్టు కాదు, రెండు పరమాణువులు కలిసిపోయిన అసలైన రసాయన బంధం. అటువంటి బంధం తెగటానికి 2,000 పికోన్యూటన్లు కావాలని గౌబ్ బృందంవారే 1999లో కొలిచి ఉన్నారు.

తాజా డోపా రాతిని పడుతుంది, పాత డోపా సాటి మాంసకృత్తులను పడుతుంది. మస్సెల్‌కు రెండూ కావాలి. రాతిని తాకే అట్టడుగు పొరలో డోపా తాజాగా ఉండాలి, బిళ్ల లోపల గట్టిపడాలి. అందుకే మస్సెల్ పాదం జిగురుతోబాటు పుల్లని ఆమ్లాన్ని కూడా వదులుతుంది. ఆమ్లంలో డోపా తొందరగా పాతబడదు. ఇదిగాక, పాతబడిన డోపాకు పోయిన హైడ్రోజన్లను తిరిగి ఇచ్చే మరొక మాంసకృత్తు కూడా మస్సెల్ బిళ్లలో ఉన్నదని 2011లో వెయిట్ మొదలైనవారు తెలుసుకున్నారు.

ఈ కొలతల మీద వైద్యులకు కూడా కన్ను ఉన్నది. మన శరీరం లోపలంతా తడే. అక్కడ గాయాన్ని మూయాలంటే మామూలు జిగురు నిలవదు, సూదీ దారమే గతి. కుట్టు వేస్తే చిరిగిపోయే పల్చని పొరలూ ఉన్నవి. డోపావంటి కొక్కేలు కట్టిన మెత్తని జిగురులను అటువంటిచోట వాడటానికి పరిశోధనలు జరుగుతున్నవి. ఏ కొక్కెం తడి చర్మాన్ని ఎంత పడుతుందో, ఎంతసేపు పడుతుందో అణువు అణువుగా కొలిస్తేనే ఇది తేలుతుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న పని కూడా ఒకటి ఉన్నది. శరీరంలో ఏ పరాయి వస్తువు పెట్టినా, రక్తంలోని మాంసకృత్తులు క్షణాలలో వచ్చి దానికి అంటుకుంటవి. వాటి మీద కణాలు చేరుతవి, సూక్ష్మజీవులు ఇల్లు కట్టుకుంటవి, నెత్తురు గడ్డ కడుతుంది. అక్కడ కావలసినది ఏదీ అంటుకోని ముఖం. నీటిలో ఊగే ఒక రకం దారాలను గడ్డిలాగ దట్టంగా నాటితే మాంసకృత్తులు వాలటానికి చోటు దొరకదు. మరి ఆ గడ్డి లోహం మీద ఎలా నిలవాలి? నీళ్లలో దేనికైనా అంటుకునేది కావాలి గదా. 2003లో మెసర్‌స్మిత్ బృందంవారు ప్రతి దారం మొదట్లోనూ డోపా పూసలు కట్టి టైటానియం మీద నాటారు. ఒక కొస మస్సెల్‌లాగ లోహాన్ని పట్టుకున్నది, రెండో కొస వచ్చిన మాంసకృత్తునల్లా తరిమివేసింది.